మంచు తుఫాను ముందు నడకలో చెమట పట్టనివ్వకండి
చలికాలంలో ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ శిఖరం లాంటి మంచు ట్రెక్‌లకు వెళ్లే మన నెల్లూరు, ఒంగోలు వాళ్లకి ఒక మాట: కాటన్ బనియన్లు, జీన్స్ ఇంట్లోనే వదిలేయండి. మన ఎండలకి నూలు బట్టంత సుఖం లేదు, నిజమే. కానీ అక్కడ అది చెమట పీల్చుకుని ఆరకుండా ఒంటికి అతుక్కుంటుంది, ఆగి కూర్చోగానే వణుకు మొదలవుతుంది. లోపల ఉన్ని లేదా పాలిస్టర్, దాని మీద ఫ్లీస్ (వెచ్చగా ఉండే మెత్తటి నూగు బట్ట), ఆపైన గాలీ తడీ దూరని జాకెట్ వేసుకోండి.

వాతావరణం మారబోతోందని తెలిసిన రోజు ఇంకా జాగ్రత్త. తుఫాను కంటే ముందే క్యాంపుకి చేరాలని అందరూ పరుగులాంటి నడక నడుస్తారు, చెమటతో తడిసిపోతారు, సరిగ్గా అప్పుడే గాలి అందుకుంటుంది. అందుకే ఎక్కడం మొదలుపెట్టే ముందే, కాస్త చలిగా అనిపిస్తున్నా సరే, ఒక పొర తీసేసి నడవండి, ఆగిన వెంటనే వేసుకోండి. ఆ జాకెట్ బ్యాగులో అడుగున కాదు, పైనే ఉండాలి.

ఫోను లోపలి జేబులో పెట్టుకోండి, చలికి బ్యాటరీ త్వరగా పడిపోతుంది. నీళ్ల బాటిల్ తలకిందులుగా పెట్టండి, గడ్డకట్టడం పైనుంచి మొదలవుతుంది కాబట్టి మూత దగ్గర మూసుకుపోదు.

పక్కవాళ్లని మాట్లాడిస్తూ ఉండండి. మాట ముద్దగా వస్తున్నా, కాళ్లు తడబడుతున్నా ఒళ్లు ప్రమాదకరంగా చల్లబడుతోందని గుర్తు, "నాకేం కాలేదు" అంటే నమ్మొద్దు. గైడ్‌కి చెప్పి, తడిబట్టలు మార్చి, తీపిగా వేడిగా ఏదైనా తాగించి కిందకి దించండి. శిఖరం ఎదురుగా కనిపిస్తున్నా గైడ్ వెనక్కి అంటే వెనక్కే, ఎందుకంటే మేఘం కమ్మి నేలా ఆకాశమూ ఒకే తెలుపైపోతే కొండ అంచు ఎక్కడుందో కూడా తెలియదు.