ఛాతీ మంటకి కొత్త మందు ట్రయల్‌లో చేరాలంటే

ముందు ఒక్కటి తేల్చుకోండి: పాత మందు నిజంగా పనిచేయలేదా, వేళకి వేసుకోలేదా? కడుపులో యాసిడ్ తగ్గించే పాంటోప్రజోల్ మాత్ర పొద్దున టిఫిన్‌కి 30 నుంచి 60 నిమిషాల ముందు పడాలి. దోసె తిన్నాక గుర్తొచ్చి మింగితే సరిగ్గా పనిచెయ్యదు. వోనోప్రజాన్ లాంటి కొత్తరకం మందులకి ఈ పట్టింపు లేదు.

తర్వాత మన దేశంలో ట్రయల్స్ నమోదు చేసే సీటీఆర్‌ఐ (CTRI) సైట్‌లో, ఛాతీ మంట జబ్బుకి డాక్టర్లు వాడే పేరు జీఈఆర్‌డీ (GERD) అని ఇంగ్లిష్‌లో వెతికి, హైదరాబాద్ సెంటర్ ఉందా, మనుషుల్ని ఇంకా చేర్చుకుంటున్నారా చూడండి. మన దేశంలో 2009 జూన్ 15 నుంచి ట్రయల్ నమోదు తప్పనిసరి. ఆ నమోదు నంబరు చెప్పలేని చోట సంతకం పెట్టొద్దు.

చేర్చుకునే ముందు సాధారణంగా ఎండోస్కోపీ చేస్తారు. కొన్నిచోట్ల ముక్కులోంచి దారం లాంటి గొట్టం దించి యాసిడ్ ఎంత పైకొస్తోందో కొలిచే 24 గంటల పీహెచ్ పరీక్ష కూడా ఉంటుంది. రోగం ఇంకా తేలనివాళ్లయితే దానికి వారం ముందు నుంచి మాత్రలు ఆపమంటారు. ఆ వారం మంట ఎక్కువే! డాక్టర్ని అడక్కుండా ఆపొద్దు. గొట్టం ఉందని పస్తుంటే పరీక్ష దండగ. రోజూ తినేట్టే తినాలి. మంట పుట్టగానే ఆ గొట్టానికి తగిలించిన మీటరు మీది బటన్ నొక్కాలి.

అంగీకార పత్రం తెలుగులో అడిగి తీసుకోండి. ఒక గ్రూపుకి ఉత్తుత్తి మాత్ర ఇస్తారేమో అందులోనే ఉంటుంది.