ఆటిజం, ఏడీహెచ్‌డీ లక్షణాలు రెండూ కనిపించే పిల్లల్ని ఎలా పెంచాలి?

పళ్ళు తోముకునే బ్రష్ రంగు మారిందని ఇల్లు పీకి పందిరేస్తాడు, అదే పిల్లాడు నిన్న ఏడ్చి మరీ కొనిపించుకున్న బొమ్మని ఇవాళ కన్నెత్తి చూడడు, ఇంకోటి కావాలంటాడు. ఒక డాక్టర్ ఆటిజం (నలుగురితో కలవడం, మాట్లాడటం కష్టమై అన్నీ ఒకేలా ఉండాలనుకోవడం) అంటారు, ఇంకొకరు ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవక, కుదురుగా ఉండలేక, దూకుడుగా ఉండటం) అంటారు, చుట్టాలేమో గారాబం ఎక్కువై అలా తయారయ్యాడని తేల్చేస్తారు. నిజానికి రెండూ కలిసి ఉండొచ్చు, చాలామంది పిల్లల్లో ఉంటాయి కూడా. డాక్టర్లు డయాగ్నసిస్‌కి వాడే డీఎస్‌ఎం అనే అమెరికన్ మాన్యువల్ ఉంది కదా, అందులో ఆటిజం ఉంటే ఏడీహెచ్‌డీ కూడా ఉందని రాయకూడదనే రూల్ ఉండేది, 2013లో ఐదో ఎడిషన్ వచ్చాకే దాన్ని తీసేశారు. పాత ఆర్టికల్స్‌లో ఇంకా "రెండిట్లో ఏదో ఒకటే అయ్యుంటుంది" అని కనిపిస్తే కంగారు పడకండి, అప్పటి లెక్క అది.

ఈ పిల్లలతో అసలు చిక్కు ఎక్కడంటే, బయటికి ఒకేలా కనిపించే పని వెనకాల కారణాలు రోజుకోలా ఉంటాయి. కారణం పట్టుకోకుండా ఎంత అరిచినా, ఎంత బతిమాలినా, ఎన్ని స్టిక్కర్లు అతికించినా లాభం లేదు.

స్టెప్ 1: తిట్టే ముందు రాయండి

ఒక నోట్‌బుక్ పెట్టుకోండి, ఫోన్‌లో అయినా పర్లేదు. "మొండికేశాడు", "మాట వినలేదు" అని రాయొద్దు, అవి మన తీర్పులు. సరిగ్గా దానికి ముందు ఏం జరిగింది, పిల్లాడు ఏం చేశాడు, తర్వాత మీరేం చేశారు, ఈ మూడే రాయండి. టైమ్ కూడా వేయండి.

ఉదాహరణకి "షూ వేసుకో" అన్నారు, పది నిమిషాలైంది, వేసుకోలేదు. ఏమై ఉండొచ్చు? ఒకటి, వాడు ఏదో పనిలో మునిగిపోయి ఉన్నాడు, మీ మాట చెవిన పడింది కానీ లోపలికి వెళ్ళలేదు. రెండు, విన్నాడు, లేచాడు, షూ దగ్గరికి వెళ్ళాడు కూడా, అక్కడ కింద ఒక బొమ్మ కారు కనిపించింది, ఇంక షూ సంగతి బుర్రలోంచి ఎగిరిపోయింది. మూడు, సాక్స్ వేళ్ళ దగ్గర కుట్టు ఉంటుంది చూడండి, అది ఒత్తుకుని తట్టుకోలేకపోతున్నాడు, చెప్పడం రాక విసిరేశాడు. నాలుగు, రోజూ ముందు బ్యాగ్ తర్వాత షూ, ఇవాళ మీరు ముందు షూ అన్నారు. చూడ్డానికి నాలుగూ "వేసుకోలేదు" అనే ఒక్క మాటే, చేయాల్సింది మాత్రం నాలుగు రకాలు. మొదటిదానికి భుజం మీద చెయ్యి వేసి పిలవాలి, రెండోదానికి దారిలో ఉన్న బొమ్మలు తీసేయాలి, మూడోదానికి కుట్టు లేని సాక్స్ తేవాలి, నాలుగోదానికి మార్పు ముందే చెప్పాలి. కొన్నాళ్ళు వరసగా రాస్తే ఏది ఎక్కువగా జరుగుతోందో మీకే తెలుస్తుంది, ఏ థెరపిస్ట్ దగ్గరికి వెళ్ళినా వాళ్ళడిగే మొదటి ప్రశ్నలకి జవాబులు అందులోనే దొరుకుతాయి.

స్టెప్ 2: రెండిటికీ కలిపి చూడమని అడగండి

డెవలప్‌మెంటల్ పీడియాట్రిషన్ (పిల్లల ఎదుగుదల సమస్యలు చూసే డాక్టర్) కానీ చైల్డ్ సైకియాట్రిస్ట్ కానీ అయితే మంచిది. రక్తపరీక్షతోనో స్కాన్‌తోనో తేలే విషయం కాదు ఇది, ఎవరైనా తేలుస్తామంటే నమ్మకండి. పిల్లాణ్ణి గమనించడం, మీతో మాట్లాడటం, ఇంట్లోవాళ్ళూ టీచరూ నింపే ప్రశ్నపత్రాలు, వీటితోనే చెప్తారు. ఏడీహెచ్‌డీ అనాలంటే లక్షణాలు పన్నెండేళ్ళ లోపే మొదలై ఉండాలి, ఇంట్లోనే కాదు స్కూల్లాంటి ఇంకో చోట కూడా కనిపించాలి, అందుకే టీచర్ మాట అంత ముఖ్యం. ఆటిజంకైతే చిన్నప్పటి సంగతులు అడుగుతారు, పేరు పెట్టి పిలిస్తే తిరిగేవాడా, వేలితో చూపించేవాడా, పాత వీడియోలు ఉంటే పట్టుకెళ్ళండి.

వినికిడి, చూపు పరీక్షలు తప్పకుండా చేయించండి. నిద్రలో గురక పెడుతూ ఊపిరి ఆగినట్టు అవుతుంటే అదీ చెప్పండి, సరిగ్గా నిద్రపోని పిల్లలు పగలు అచ్చం ఏడీహెచ్‌డీ లాగే కనిపిస్తారు. ఐరన్ తక్కువున్నా రాత్రిళ్ళు కాళ్ళు కదుపుతూ పొర్లుతుంటారు. ఇంకో మాట, ఆడపిల్లల్లో ఇవి త్వరగా బయటపడవు, స్కూల్లో పక్కపిల్లల్ని చూసి అనుకరిస్తూ నెట్టుకొచ్చేసి ఇంటికొచ్చాక కుప్పకూలిపోతారు. "స్కూల్లో బంగారం, మీ దగ్గరే ఇలా" అని టీచర్ అంటే అది మీ పెంపకం లోపం అనుకోనక్కర్లేదు.

రిపోర్ట్ చేతికొచ్చేదాకా ఆగకుండా స్పీచ్ థెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ (రోజువారీ పనులు చేసుకోవడం నేర్పేది) మొదలెట్టేయొచ్చు.

స్టెప్ 3: చట్రం మార్చకండి, లోపలిది మార్చండి

నన్నడిగితే అన్నిటికన్నా పనికొచ్చేది ఇదే. ఆటిజం వైపు ఏమో అన్నీ నిన్నటిలాగే ఉండాలంటుంది, ఏడీహెచ్‌డీ వైపు నిన్నటిది బోర్ కొట్టేసింది అంటుంది, ఇద్దరూ ఒకే బుర్రలో కూర్చుని కొట్టుకుంటుంటారు. ఆటిజం పుస్తకం చూసి గట్టి టైమ్‌టేబుల్ పెడితే నాలుగో రోజుకి వాడికే విసుగు, ఏడీహెచ్‌డీ పుస్తకం చూసి రోజూ సరదాగా మారుస్తుంటే ఏడుపులు.

కాబట్టి వరస ఎప్పుడూ ఒకటే ఉంచండి, ఇంటికి రావడం, తినడం, ఆట, హోంవర్క్, స్నానం, పడుకోవడం, బొమ్మల కార్డులతో గోడ మీద అతికించండి, అయిపోయిన కార్డు వాడి చేతే తీయించండి. ఆ వరసలో ఒక్కో గడిలో మాత్రం వాడికి ఛాయిస్ ఇవ్వండి, రెండే, అంతకన్నా ఎక్కువొద్దు. హోంవర్క్ టైమ్ మారదు, కానీ ఇవాళ నేల మీద పడుకుని రాస్తావా, నిలబడి రాస్తావా? స్నానం మారదు, కానీ ఏ బొమ్మ లోపలికి వస్తుందో పాచిక వేసి చూద్దామా? ఇలా చేస్తే రెండు వైపులా కాస్త శాంతిస్తాయి. ఎప్పుడైనా వరసే మారాల్సొస్తే, కార్డుల్లో "మార్పు" అని ఒక కార్డు ముందే చేసి పెట్టుకుని ఆ చోట అతికించి పొద్దున్నే చూపించండి.

స్టెప్ 4: తక్కువ మాట్లాడండి, ఆగండి

దూరంనుంచి అరవకుండా దగ్గరికెళ్ళి ఒక్క పనే చెప్పండి. "బొమ్మలు తీసి, చేతులు కడుక్కుని, వచ్చి కూర్చో" అంటే మూడోది మాత్రమే గుర్తుంటుంది, ఒక్కోసారి అదీ ఉండదు. చెప్పాక మనసులో పది లెక్కపెట్టండి, ఆలోపు మళ్ళీ చెప్తే వాడి బుర్ర మళ్ళీ మొదట్నుంచి మొదలెడుతుంది. కళ్ళలోకి చూడమని బలవంతం చేయొద్దు, చూడకుండానే బాగా వినే పిల్లలు బోలెడుమంది. "పరిగెత్తకు" కన్నా "నడువు" మేలు.

మెచ్చుకోవాలంటే అక్కడికక్కడే మెచ్చుకోండి, ఏం చేశాడో చెప్పి మరీ. వారం చివర ఇచ్చే బహుమతి ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లాడికి వచ్చే జన్మలో ఇచ్చే బహుమతితో సమానం.

స్టెప్ 5: మెల్ట్‌డౌన్ వచ్చినప్పుడు

కావాల్సింది దక్కించుకోవడానికి ఏడ్చే ఏడుపు మధ్యలో మీ మొహం చూస్తుంటుంది, దొరకగానే ఆగిపోతుంది. మెల్ట్‌డౌన్ అంటే ఇంక తట్టుకోలేక ఒక్కసారిగా బద్దలైపోవడం, అది అలా ఆగదు, అడిగింది ఇచ్చినా ఆగదు, ఎందుకంటే అప్పటికి వాడి కంట్రోల్ కూడా దాటిపోయి ఉంటుంది. అప్పుడు బుద్ధులు చెప్పొద్దు, "ఏమైంది, ఎందుకేడుస్తున్నావ్" అని ప్రశ్నలు వద్దు. లైట్ తగ్గించండి, టీవీ ఆపండి, చుట్టూ ఉన్నవాళ్ళని పక్క గదిలోకి పంపండి, దెబ్బ తగిలే వస్తువులు తీసేయండి, పక్కన కూర్చోండి. కొందరికి గట్టిగా హత్తుకుంటే తగ్గుతుంది, కొందరికి ముట్టుకుంటే పెరుగుతుంది, అది వాడు ప్రశాంతంగా ఉన్నప్పుడే తెలుసుకుని పెట్టుకోవాలి. పాఠం చెప్పాలనిపిస్తే బాగా తేరుకున్నాక, అదీ రెండు ముక్కల్లో.

ఆకలి, దాహం, టాయిలెట్ అవసరం కూడా ఈ పిల్లల్లో చాలామందికి సరిగ్గా తెలీదు, ఆటలో పడి తిండి మర్చిపోయి తర్వాత ఊరికే చిరాకు పడుతుంటే ముందు అదే చూడండి.

స్టెప్ 6: తలుపులు, నీళ్ళు

దీన్ని మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. 2012లో పీడియాట్రిక్స్ జర్నల్‌లో వచ్చిన అమెరికన్ సర్వేలో, ఆటిజం ఉన్న పిల్లల్లో దాదాపు సగం మంది నాలుగేళ్ళు దాటాక కనీసం ఒక్కసారైనా చెప్పకుండా వెళ్ళిపోయారని, లేదా వెళ్ళిపోబోయారని తల్లిదండ్రులు చెప్పారు. దానికి ఏడీహెచ్‌డీ దూకుడు కూడా తోడైతే చెప్పక్కర్లేదు. తలుపుకి పైన చెయ్యి అందని చోట గడియ పెట్టించండి, తెరిస్తే మోగే అలారం పెట్టండి, పేరు, ఫోన్ నంబర్ ఉన్న బ్యాండ్ చేతికి కట్టండి. ఇలా వెళ్ళిపోయిన పిల్లలకి ఎక్కువ ప్రమాదం నీళ్ళతోనే, కనిపించట్లేదంటే ముందు పరిగెత్తాల్సింది దగ్గర్లోని చెరువో ట్యాంకో స్విమ్మింగ్ పూలో ఉన్న వైపుకే. ఈత వీలైనంత త్వరగా నేర్పించండి.

స్టెప్ 7: స్కూల్‌తో

పెద్ద లిస్ట్ పట్టుకెళ్తే ఏదీ జరగదు, రెండు మూడు అడగండి: కిటికీకీ తలుపుకీ దూరంగా సీటు, మధ్యలో లేచి తిరిగొచ్చే పని, గోల ఎక్కువైతే వెళ్ళి కూర్చోడానికి ఒక మూల. ఆటల పీరియడ్ కట్ చేసే శిక్ష వద్దని గట్టిగా చెప్పండి.

స్టెప్ 8: మందుల సంగతి

ఆటిజం అసలు లక్షణాలకి మందు లేదు, ఏడీహెచ్‌డీకి ఉంది. మిథైల్‌ఫెనిడేట్ లాంటివి రెండూ ఉన్న పిల్లలకి కూడా పని చేస్తాయి, కాకపోతే ఒక్క ఏడీహెచ్‌డీయే ఉన్నవాళ్ళకి చేసినంతగా చేయకపోవచ్చు, ఆకలి తగ్గడం, నిద్ర పట్టకపోవడం, చిరాకు లాంటివి కాస్త ఎక్కువ కనిపిస్తాయి. అందుకే చిన్న డోస్‌తో మొదలెట్టి మెల్లగా పెంచుతారు, పడకపోతే అటోమోక్సెటిన్, గ్వాన్‌ఫసిన్ లాంటి వేరే రకాలున్నాయి. ఆరేళ్ళ లోపు పిల్లలకైతే మందుకన్నా ముందు తల్లిదండ్రులకిచ్చే ట్రైనింగే మొదలెడతారు. మందు వాడటం ఓడిపోవడమేమీ కాదు, వద్దనుకోవడం నేరమూ కాదు, డాక్టర్‌తో కూర్చుని తేల్చుకోండి.

ఆటిజం తగ్గిస్తామంటూ చేసే కీలేషన్ (ఒంట్లోంచి లోహాలు తీసే మందులివ్వడం), బ్లీచ్ లాంటి ద్రావణాలు తాగించడం, ఇవి ప్రాణాల మీదికి తెస్తాయి, ఎవరు చెప్పినా దగ్గరికి రానివ్వకండి. టీకాల వల్ల ఆటిజం వస్తుందన్న 1998 నాటి పేపర్‌ని లాన్సెట్ జర్నల్ 2010లో వెనక్కి తీసుకుంది, కాబట్టి టీకాలు ఆపొద్దు.

వచ్చిన మాటలు పోతున్నా, మధ్యమధ్యలో కొన్ని సెకన్లు బొమ్మలా బిగుసుకుపోయి పిలిచినా ముట్టుకున్నా పలకకపోయినా, తనని తాను కొట్టుకోవడం ఎక్కువవుతున్నా తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకండి, వీలైతే ఫోన్‌లో వీడియో తీసుకుని వెంటనే డాక్టర్‌కి చూపించండి.