ధ్యానం ఆసనం దగ్గరే ఆగిపోతుంటే

పొద్దున ధ్యానంలో దొరికిన ప్రశాంతత ఆఫీసులో మొదటి ఫోన్‌కే ఎగిరిపోయేది. కూర్చునే సమయం పెంచినా టెన్షన్ తగ్గలేదు. దారి సతిపట్ఠాన సుత్తంలో, అంటే ఎరుక గురించి బుద్ధుడు చెప్పిన బోధలో దొరికింది. అందులో ఎరుక శ్వాసతో ఆగదు, నడవడం, తినడం, మాట్లాడటం, చివరికి మలమూత్ర విసర్జన దాకా వెళ్తుంది (బుద్ధుడు దేన్నీ వదల్లేదు!). నాకు బాగా పనికొచ్చింది వేదనానుపస్సన: ప్రతి అనుభూతినీ సుఖం, దుఃఖం, రెండూ కానిది అని గుర్తించడం. చిరాకు తెప్పించే మెసేజ్ వస్తే జవాబు టైప్ చేసేముందు ఛాతీలో బిగువును చూసి 'ఇది దుఃఖానుభూతి' అనుకుంటాను. బిగువు వెంటనే పోదు గానీ వేళ్లు ఆగుతాయి. కోపం బాగా ఎక్కాక మాత్రం ఇది పనిచేయదు. అప్పుడు లేచి, పాదాల స్పర్శ గమనిస్తూ కాసేపు నడుస్తాను. మీటింగులో ఉంటే కూర్చునే పాదాలను గమనిస్తాను.