సిరాజ్ వస్తే లివింగ్‌స్టన్ రాడు: ఐపీఎల్ పర్స్ లెక్క వేసే పద్ధతి

నవంబరు వచ్చిందంటే హనుమకొండ చౌరస్తాలో టీ తాగే చోట సన్‌రైజర్స్ హైదరాబాద్ గురించి ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది: "సిరాజ్‌ను తెచ్చుకోరాదా అన్నా? మన హైదరాబాద్ పిల్లగాడు గుజరాత్‌ల ఆడుడేంది?" కోరిక న్యాయమైనదే. అది అయ్యే పనేనా అన్నది మాత్రం పావుగంటలో కాగితం మీద తేలిపోతుంది. ఆ కాగితం లేకుండా మొదలైన వాదం రెండో చాయ్ దాకా వచ్చేసరికి ధోని వర్సెస్ కోహ్లి అయిపోతుంది.

కావాల్సింది ఒక నోటుపుస్తకం, ఫోన్‌లో క్యాలిక్యులేటర్, ఐపీఎల్ అధికారిక సైట్‌లో వచ్చే రిటైన్ జాబితా (ఏ జట్టు ఎవరిని అట్టిపెట్టుకుందో చెప్పేది). పేజీలో మూడు గడులు గీయండి: పేరు, ధర, స్వదేశీయా విదేశీయా. ధరలన్నీ కోట్లలోనే, పాయింటు తర్వాత రెండంకెలతో రాయండి. 30 లక్షలంటే 0.30, కోటి ఇరవై లక్షలంటే 1.20. కొన్ని లక్షల్లో, కొన్ని కోట్లలో రాస్తే కూడిక చివర్లో తప్పుతుంది. తప్పింది ఎక్కడో కూడా దొరకదు.

వాట్సాప్‌లో తిరిగే జాబితాల జోలికి పోవద్దు. వాటిలో చాలావరకు పాత వేలం ధరలే ఉంటాయి. ట్రేడ్‌లో, అంటే వేలం లేకుండా ఆటగాడు ఒక జట్టు నుంచి ఇంకో జట్టుకు మారినప్పుడు, ధర మారవచ్చు. 2025 నవంబరులో జడేజా చెన్నై నుంచి రాజస్థాన్‌కు వెళ్లినప్పుడు 18 కోట్లు కాస్తా 14 కోట్లయింది. పాత అంకె పట్టుకుంటే రాజస్థాన్ లెక్కలో 4 కోట్లు గల్లంతు.

ముందు పర్స్

పర్స్ అంటే ఆటగాళ్ల ధరల మీద జట్టు పెట్టగలిగే మొత్తం. 2024 నవంబరులో జెడ్డాలో జరిగిన మెగా వేలానికి (జట్లన్నీ దాదాపు కొత్తగా కట్టుకునేది) ఒక్కో ఫ్రాంచైజీ పర్స్ 120 కోట్లు. 2025 డిసెంబరు అబుదాబి మినీ వేలానికి (ఖాళీలు మాత్రం నింపుకునేది) 125 కోట్లు. టీవీలో 151 కోట్లు అని కూడా వినబడుతుంది. అది మ్యాచ్ ఫీజులు, ఆటతీరును బట్టి ఇచ్చే మొత్తాలు కలిపిన 2026 సీజన్ పరిమితి. వేలంలో ప్యాడిల్ ఎత్తడానికి దానితో పని లేదు. ఈ రెండంకెలను కలగాపులగం చేసి "ఇంకా 26 కోట్లున్నయి కదా" అని వాదించేవాళ్లు ప్రతి గుంపులో ఒకరుంటారు.

ఇప్పుడు సన్‌రైజర్స్ లెక్క వేద్దాం. అబుదాబి వేలానికి ముందు జట్టు అట్టిపెట్టుకున్నది 15 మందిని. క్లాసెన్ 23.00, కమిన్స్ 18.00, అభిషేక్ 14.00, హెడ్ 14.00, నితీశ్ రెడ్డి 6.00. ఈ ఐదుగురికే 75.00 పోయింది. తర్వాత ఇషాన్ కిషన్ 11.25, హర్షల్ 8.00, ఎషాన్ మలింగ 1.20, ఉనద్కత్ 1.00, కార్స్ 1.00, కమిందు మెండిస్ 0.75, జీషాన్ అన్సారీ 0.40, అనికేత్ వర్మ, స్మరణ్, హర్ష్ దూబే తలా 0.30. ఈ పది మందికి 24.50. మొత్తం 99.50. 125లోంచి తీసేస్తే 25.50. అధికారికంగా ప్రకటించిన అంకె కూడా ఇదే. మీ కూడిక ప్రకటించిన పర్స్‌తో పైసా తేడా లేకుండా కలిసేదాకా ముందుకు పోవద్దు. కలవలేదంటే ఒక పేరు మిగిలిపోయినట్టు, లేదా ట్రేడ్ ధర ఎక్కనట్టు.

మెగా వేలం ఏడాది ఇందులోనే ఒక మెలిక ఉంటుంది. ఆటగాడికి ఇచ్చేది ఒకటి, పర్స్‌లో కోసేది ఇంకొకటి కావచ్చు. 2024లో అంతర్జాతీయ (క్యాప్డ్) ఆటగాళ్ల రిటెన్షన్‌కు, అంటే అట్టిపెట్టుకోవడానికి, వరుసగా 18, 14, 11, 18, 14 కోట్ల శ్లాబులు పెట్టారు. అన్‌క్యాప్డ్ (దేశానికి ఆడనివాడు) అయితే 4 కోట్లు. శ్లాబుల మొత్తాన్ని జట్టు తనకు నచ్చినట్టు పంచుకోవచ్చు. సన్‌రైజర్స్ ఐదుగురి 75 కోట్లు ఈ ఐదు శ్లాబుల మొత్తానికి సరిగ్గా సమానం కావడానికి కారణం అదే. కమిన్స్‌కు ఒక పైసా తగ్గకుండానే క్లాసెన్ 23కు ఎక్కాడు. శ్లాబుల మొత్తం కంటే ఎక్కువిస్తే ఎక్కువే కోస్తారు. తక్కువిచ్చినా శ్లాబు మొత్తం కోత తప్పదు. కోల్‌కతా (కేకేఆర్) రింకూకు 13, వరుణ్, నరైన్, రసెల్‌లకు తలా 12, హర్షిత్, రమణ్‌దీప్‌లకు చెరో 4 ఇచ్చింది. కలిపితే 57. పర్స్‌లోంచి పోయింది 69. నలుగురు క్యాప్డ్ ఆటగాళ్ల శ్లాబులు 61, ఇద్దరు అన్‌క్యాప్డ్‌లకు 8. "కేకేఆర్ 12 కోట్లు మిగిలించుకుంది" అని అప్పట్లో గొప్పగా వాదించినవాళ్లు ఈ నిబంధనను చదవలేదు. మిగిలింది యాజమాన్యం జేబుకే, వేలం బల్లకు కాదు.

ట్రేడ్ ఎక్కించడం

ట్రేడ్‌కు రెండు ఫ్రాంచైజీలూ, ఆటగాడూ ఒప్పుకోవాలి. "తిలక్ వర్మను అడిగితే వస్తడు" అన్న మాట ఇక్కడే ఆగిపోతుంది. ముంబై వదలనిదే అతను రాలేడు. సీజన్ ముగిసిన కొద్ది రోజులకు ట్రేడ్ విండో తెరుచుకుంటుంది, వేలానికి వారం ముందు మూతపడుతుంది. వేలం తర్వాత మళ్లీ తెరిచినా, ఆ వేలంలో కొన్న ఆటగాణ్ని వెంటనే ట్రేడ్ చేయడానికి లేదు.

లెక్క మాత్రం తేలిక. పోయినవాడి ధర పర్స్‌లో కలపాలి, వచ్చినవాడి కొత్త ధర తీసేయాలి. సంజూ శాంసన్ 18 కోట్లకు చెన్నై వచ్చాడు. జడేజా (18), శామ్ కరన్ (2.40) పోయారు. చెన్నైకి 2.40 మిగులు. రాజస్థాన్‌కు శాంసన్ 18 వెనక్కి వచ్చింది, జడేజాకు 14, కరన్‌కు 2.40 పోయింది, 1.60 మిగిలింది. ఒక్క ట్రేడ్‌లో రెండు వైపులా పర్స్ పెరిగింది. కారణం జడేజా తగ్గించుకున్న ఆ 4 కోట్లే.

రెండు ఫ్రాంచైజీల మధ్య చేతులు మారే ట్రాన్స్‌ఫర్ ఫీజు పర్స్‌లోకి రాదు. 2023లో హార్దిక్ పాండ్యా గుజరాత్ నుంచి ముంబైకి వెళ్లినప్పుడు ముంబై పుస్తకంలో పడింది అతని 15 కోట్లు మాత్రమే. ఆ చోటు ఎక్కడి నుంచి వచ్చిందంటే, 17.50 కోట్ల కామెరాన్ గ్రీన్‌ను బెంగళూరుకు ఇవ్వడం వల్ల. ఫీజు ఎంత అన్నది బయటపెట్టరు. అందుకని ఆ అంకె మీద పందేలు కాయడం దండగ.

సన్‌రైజర్స్ షమీని లక్నోకు ట్రేడ్ చేసిన సంగతి మన దగ్గర బాగా నలిగింది. "షమీని లక్నోకు ఉత్తగనే ఇచ్చిండ్రు" అని చాలామంది మాట. బదులుగా ఆటగాడెవరూ రాని మాట నిజమే, కానీ 10 కోట్లు పర్స్‌లోకి తిరిగొచ్చాయి. షమీని ఉంచుకున్నారనుకోండి: చేతిలో 15.50, జట్టులో 16 మంది. అబుదాబిలో సన్‌రైజర్స్ కొన్న లివింగ్‌స్టన్‌కు ఆ 13 పెడితే 2.50 మిగిలేది. 25 మంది జట్టు నిండాలంటే మిగతా ఎనిమిది ఖాళీలూ 30 లక్షల కుర్రాళ్లతోనే నింపాలి, 2.40 అక్కడికే పోతుంది. 3 కోట్ల జాక్ ఎడ్వర్డ్స్, 1.50 కోట్ల సలీల్ అరోరా ఉండేవాళ్లు కాదు. షమీ ఒక్కడా, ఆ ఇద్దరా అన్నదే అసలు వాదం. దాని మీద ఎంతసేపు కొట్టుకున్నా తప్పు లేదు.

ఇక సిరాజ్

గుజరాత్ అతన్ని 2024లో 12.25 కోట్లకు కొన్నది. అదే ధరకు 2025 నవంబరులో తెచ్చుకుంటే ఏమయ్యేదో చూడండి. 25.50లోంచి 12.25 తీస్తే 13.25. జట్టు 16. ఇప్పుడు లివింగ్‌స్టన్‌ను 13కు కొంటే మిగిలేది 0.25, జట్టు 17. నిబంధన ప్రకారం కనీసం 18 మంది ఉండాలి, గరిష్ఠం 25. వేలంలో అతి తక్కువ కనీస ధర 30 లక్షలు, చేతిలో ఉన్నది 25 లక్షలు. పద్దెనిమిదో మనిషిని కొనడానికి 5 లక్షలు తక్కువ. అంటే ఇద్దరూ కలిసి ఆ పర్స్‌లో పట్టరు.

పట్టించాలంటే ఎవరినైనా ఇవ్వాలి. హర్షల్‌ను 8 కోట్లకు గుజరాత్‌కు పంపితే పర్స్ 21.25, జట్టు 15. లివింగ్‌స్టన్ తర్వాత 8.25 ఉంటుంది, బండి నడుస్తుంది. కాకపోతే గుజరాత్‌కు హర్షల్ ఎందుకు కావాలో మీరే చెప్పాలి. "సిరాజ్‌ను తేవాలె" అన్నవాళ్లను ముందు అడగాల్సింది "ఎవరిని ఇస్తవ్ తమ్మీ?" అని. ఆ జవాబు చెప్పనిదే ఆ వాదాన్ని పుస్తకంలో ఎక్కించకండి.

విదేశీ గడిని మరిచిపోతే కూడా ఇలాగే చిక్కుపడతారు. ఎనిమిది మందికి మించి విదేశీయులు ఉండకూడదు. సన్‌రైజర్స్ దగ్గర అప్పటికే ఆరుగురు (క్లాసెన్, కమిన్స్, హెడ్, మలింగ, కార్స్, కమిందు). లివింగ్‌స్టన్, ఎడ్వర్డ్స్‌తో నిండిపోయింది. ఆ తర్వాత ఎంత డబ్బున్నా విదేశీ పేరు ఎత్తడానికి లేదు.

వేలం రోజు

పాట పాడుతున్న జట్టు ఎంతదాకా పోగలదో ముందే చెప్పొచ్చు. నింపాలనుకున్న ఖాళీల్లోంచి ఒకటి తీసేసి, మిగిలినదాన్ని 0.30తో గుణించి, పర్స్‌లోంచి తీసేయండి. ముంబై 2.75 కోట్లతో, ఐదు ఖాళీలతో వచ్చింది. నాలుగు ఖాళీలకు 1.20 పక్కన పెడితే ఒక్కరికి గరిష్ఠం 1.55. డికాక్‌ను కోటికి తీసుకోగలిగిందంటే ఎవరూ పోటీకి రాకపోవడం వల్లే. సన్‌రైజర్స్‌కు పది ఖాళీలు, 25.50: గరిష్ఠం 22.80. చేతిలో 64.30 ఉన్న కోల్‌కతాతో కామెరాన్ గ్రీన్ కోసం పోటీ పడలేదని సన్‌రైజర్స్‌ను తిట్టడం దేనికో అర్థం కాదు.

ధర పెరిగే మెట్టును ఏటా సరిచూసుకోండి. జెడ్డాలో పెద్ద ధరలు 26.75, 23.75 ఇలా పావు కోటి చొప్పున ఎక్కాయి. అబుదాబిలో 25.20, 14.20, 8.40 ఇలా 20 లక్షల చొప్పున. పాత మెట్టుతో అంచనా వేస్తే అసలు రాలేని ధర చెప్పి నవ్వులపాలవుతారు.

గ్రీన్ ధర 25.20 కోట్లు, అతనికి అందేది 18. మినీ వేలంలో విదేశీ ఆటగాడి జీతానికి పరిమితి ఉంది: అత్యధిక రిటెన్షన్ శ్లాబు, మెగా వేలంలో పలికిన అత్యధిక ధర, ఈ రెంటిలో ఏది తక్కువైతే అది. 18, 27 (రిషబ్ పంత్) అంకెల్లో తక్కువ 18. పైన 7.20 బీసీసీఐ ఆటగాళ్ల సంక్షేమానికి పోతుంది. కోల్‌కతా పర్స్‌లో మాత్రం 25.20 మొత్తం కోయాల్సిందే. వేలంలో అమ్ముడుపోయి, సరైన కారణం లేకుండా తప్పుకుంటే రెండేళ్ల నిషేధం. ఢిల్లీకి రానన్న హ్యారీ బ్రూక్‌కు 2025లో పడింది అదే.

చిన్న ధర చూసి కుర్రాళ్ల మీద జాలిపడే ముందు మ్యాచ్ ఫీజు కూడా కలపండి. 2025 సీజన్ నుంచి తుది జట్టులో ఆడినవారికి, ఇంపాక్ట్ ఆటగాడితో (మ్యాచ్ మధ్యలో మార్పుగా దిగే పన్నెండోవాడు) సహా, మ్యాచ్‌కు 7.50 లక్షలు. 12 మంది, 14 మ్యాచ్‌లు: ఫ్రాంచైజీకి 12.60 కోట్లు. 30 లక్షల కుర్రాడు 14 మ్యాచ్‌లూ ఆడితే ఫీజే 1.05 కోట్లు, మొత్తం 1.35. బెంచీ మీద కూర్చున్న కోటి రూపాయల ఆటగాడి కంటే అతనికే ఎక్కువ.

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న తమ్ముడు వీడియో కాల్‌లో చేరి "ఇక్కడ బేస్‌బాల్‌ల గిట్లుండదు" అంటాడు. నిజమే, అక్కడి కొలతలు వేరు. 2024 డిసెంబరులో హువాన్ సోటోకు న్యూయార్క్ మెట్స్ రాసిచ్చింది 15 ఏళ్లకు 76.5 కోట్ల డాలర్లు. 2023లో షోహెయ్ ఓటానికి డాడ్జర్స్ ఇస్తామన్న 70 కోట్ల డాలర్లలో 68 కోట్లు పదేళ్ల ఒప్పందం ముగిశాకే చెల్లించేవి. అక్కడ గట్టి పరిమితి లేదు, ఒక గీత దాటితే పన్ను కడతారు (2025లో ఆ గీత 24.1 కోట్ల డాలర్లు). ఐపీఎల్‌లో గీత దాటడానికే లేదు. ధర ఒక్క సీజన్‌ది, విడుదల చేస్తే మళ్లీ వేలమే. 23.75 కోట్ల వెంకటేశ్ అయ్యర్‌ను కోల్‌కతా వదిలాక బెంగళూరు 7 కోట్లకు తీసుకుంది. సోటోకు అలాంటి భయం లేదు. కనుక "ఐదేండ్లకు రాసుకోవాలె" అన్న సలహాను ఇక్కడి పుస్తకంలో రాయడానికి చోటు లేదు.

ఒక పేరు అమ్ముడుపోలేదని ప్రకటించగానే కొట్టేయకండి, పక్కన చుక్క పెట్టి వదిలేయండి. చివర్లో జట్లు అడిగిన పేర్లను మళ్లీ పిలుస్తారు. అప్పటికి ఎవరి దగ్గర ఎంత మిగిలిందో మీ పుస్తకమే చెబుతుంది. మొదటి పిలుపులో ఎవరూ అడగని లివింగ్‌స్టన్ 13 కోట్లు పలికింది ఆ రౌండ్‌లోనే.