స్కాట్లండ్ కౌలు రైతుకు అమెరికాలో 160 ఎకరాలు: 1870ల నాటి హోమ్‌స్టెడ్ దరఖాస్తు విధానం

19వ శతాబ్దపు స్కాట్లండ్‌లో దున్నేవాడికి సొంత నేల ఉండడం అరుదు. పొలాలు చాలావరకు పెద్ద ఎస్టేట్లవి. రైతు వాటిని కౌలుకు తీసుకునేవాడు, ఆ కౌలు చాలాచోట్ల 19 ఏళ్లకు రాసుకునేవారు. గడువు తీరాక దొర కౌలు పెంచినా, పొలం ఇంకొకరికి ఇచ్చినా అడగడానికి పెద్దగా ఏమీ ఉండేది కాదు. అలాంటి మనిషికి అమెరికాలో 160 ఎకరాలు ఊరికే ఇస్తున్నారని తెలిస్తే ఓడ ఎక్కకుండా ఉంటాడా?

ఆ భూమి హోమ్‌స్టెడ్ చట్టం కింద వచ్చేది. 1862 మే 20న లింకన్ సంతకం చేశాడు, 1863 జనవరి 1 నుంచి అమలైంది. 1870లలో దీనికి దరఖాస్తు ఎలా పెట్టేవారో చూద్దాం.

ఎవరు అర్హులు

21 ఏళ్లు నిండినవారు, లేదా వయసు తక్కువైనా కుటుంబ పెద్ద అయినవారు. పెళ్లికాని స్త్రీలకూ వితంతువులకూ హక్కు ఉంది. భర్త ఉన్న స్త్రీకి మాత్రం మామూలుగా లేదు. అమెరికా ప్రభుత్వం మీద ఆయుధం పట్టి ఉండకూడదన్న షరతు కూడా చట్టంలో ఉంది. అది అంతర్యుద్ధంలో దక్షిణాది వైపు పోరాడినవాళ్ల కోసం పెట్టింది, స్కాట్లండ్ రైతుకు దానితో పేచీ లేదు. అతనికి అడ్డొచ్చేది పౌరసత్వం.

ముందు కోర్టు, తర్వాతే భూమి

విదేశీయుడు అప్పటికే పౌరుడై ఉండనక్కర్లేదు. పౌరుడు కావాలనుకుంటున్నానని కోర్టులో ప్రమాణం చేసి కాగితం తీసుకుంటే చాలు. ‘మొదటి కాగితాలు’ అనేవారు దీన్ని. గ్రేట్ బ్రిటన్ రాణికి విధేయత వదులుకోవాలన్నది తన ఉద్దేశమని అందులో రాసి ఇవ్వాలి. 1870కి ముందు ఇందులో ఒక తిరకాసు ఉండేది. బ్రిటన్ గడ్డ మీద పుట్టినవాడు ఎక్కడికి పోయినా బ్రిటన్ ప్రజే అనేది అక్కడి న్యాయం. 1870లో బ్రిటన్ చట్టం మార్చి, వేరే దేశపు పౌరసత్వం తీసుకోవడాన్ని గుర్తించింది.

గ్లాస్గో నుంచి ఆవిరి ఓడలో వచ్చినవాడు న్యూయార్క్‌లో క్యాజిల్ గార్డెన్ దగ్గర దిగేవాడు. వలస వచ్చినవారి పేర్లు రాసుకునేదీ, డబ్బు మార్చేదీ, రైలు టికెట్లు అమ్మేదీ అక్కడే. భూమి కాగితాలు మాత్రం అక్కడ దొరకవు. పడమటికి వెళ్లి, కుదిరిన మొదటి కోర్టులోనే ఈ ప్రమాణం చేసేయడం మేలు. ఎందుకో చివర్లో తెలుస్తుంది.

నేల ఎంచుకోవడం

తొందరపడకూడని ఘట్టం ఇదే. అమెరికా ప్రభుత్వం తన భూమిని గళ్లుగళ్లుగా కొలిపించింది. మన సర్వే నంబర్లలా గట్ల వంపుల్ని బట్టి పోయే హద్దులు కావవి. ఆరు మైళ్ల పొడవు, ఆరు మైళ్ల వెడల్పు ఉన్న చదరం ఒక టౌన్‌షిప్. అందులో 36 సెక్షన్లు, ఒక్కో సెక్షన్ 640 ఎకరాలు. అందులో పావు భాగమే హోమ్‌స్టెడ్ వాటా. దరఖాస్తులో ఊరి పేరు రాస్తే సరిపోదు. ఏ టౌన్‌షిప్, ఏ సెక్షన్, అందులో ఈశాన్య పావా నైరుతి పావా అన్నది కచ్చితంగా ఉండాలి.

జిల్లా భూమి కార్యాలయంలో పటాలు ఉండేవి. ముందు వాటిలో ఖాళీ గళ్లు రాసుకుని, పోయి నేల చూసి, మళ్లీ వచ్చి దరఖాస్తు పెట్టాలి. ఈలోగా ఇంకొకడు పెట్టేస్తే అంతే సంగతులు. డబ్బు తీసుకుని భూములు చూపించే మధ్యవర్తులూ ఉండేవారు. నీళ్లు, వంటచెరకు, రైలు స్టేషన్ దూరం ఇవి చూడకుండా పటం మీద వేలు పెట్టినవాడు తర్వాత బాధపడాల్సిందే.

16వ, 36వ సెక్షన్లు చాలాచోట్ల బడులకు కేటాయించినవి, వాటిని అడగకూడదు. రైలుదారికి అటూ ఇటూ బేసి సంఖ్యల సెక్షన్లు రైల్వే కంపెనీలకు ఇచ్చేశారు. అవి కంపెనీ దగ్గర కొనుక్కోవాలి. పక్కనున్న సరి సంఖ్యల సెక్షన్లలో హోమ్‌స్టెడ్ దొరికేది కానీ, 1879 దాకా అక్కడ మామూలుగా 80 ఎకరాలే.

ఈ నేల నిన్నమొన్నటి దాకా ఎవరిదన్న ప్రశ్న దరఖాస్తులో లేదు. మిన్నెసోటా రాష్ట్రంలో అక్కడి ఆదివాసులైన డకోటా ప్రజలతో 1862లో జరిగిన యుద్ధం తర్వాత, వాళ్లతో అంతకుముందు చేసుకున్న ఒప్పందాలను మరుసటి ఏడాదే కాంగ్రెస్ రద్దు చేసి, వాళ్లను రాష్ట్రం నుంచి వెళ్లగొట్టింది. ‘ఖాళీ’ అని పటంలో రాసిన గళ్ల వెనుక ఇలాంటి కథలు చాలా ఉన్నాయి.

దరఖాస్తు, రుసుము

కార్యాలయంలో ఇద్దరు అధికారులు. రిజిస్టర్ అనే ఆయన రికార్డు చూస్తాడు, రిసీవర్ డబ్బు తీసుకుంటాడు. దరఖాస్తుతో పాటు అఫిడవిట్ ఇవ్వాలి: ఈ భూమి నా సొంతానికే, నివాసం ఉండి సాగు చేయడానికే, మరొకరి కోసం కాదు అని. రుసుము 10 డాలర్లు. అధికారుల కమీషన్ కొంత ఇప్పుడు, కొంత చివర్లో. అన్నీ కలిపితే 160 ఎకరాలకు సుమారు 18 డాలర్లు.

ఊరికే ఇచ్చారంటే అర్థం ఇంతే. ఓడ, రైలు, ఎడ్లు, నాగలి, మొదటి పంట చేతికొచ్చే దాకా తిండి ఇవన్నీ రైతువే. చేతిలో కాస్త డబ్బున్న స్కాట్లండ్ రైతు ఎవరో సగం చదును చేసిన పొలం కొనుక్కోవడమే తెలివైన పని అని నాకనిపిస్తుంది.

అయిదేళ్లు

అయిదేళ్లు అక్కడే ఉండి సాగు చేయాలి. ఆరు నెలలకు మించి వదిలేసి పోతే భూమి తిరిగి ప్రభుత్వానిదే. ఇల్లు ఎంత పెద్దదిగా ఉండాలో చట్టం చెప్పలేదు. చెట్టు దొరకని మైదానాల్లో గడ్డి వేళ్లతో సహా మట్టిని పలకలుగా కోసి గోడలు పేర్చుకునేవారు. పన్నెండు బై పద్నాలుగు ఇల్లు కట్టామని ప్రమాణం చేసి, అది అడుగులు కాదు అంగుళాలన్న సంగతి దాచినవాళ్ల కథలు కూడా చెప్పుకుంటారు.

అయిదేళ్లు ఆగలేనివాడు ఆరు నెలల తర్వాత ఎకరానికి 1.25 డాలర్లు కట్టి పట్టా తీసుకోవచ్చు. 160 ఎకరాలకు 200 డాలర్లు. దరఖాస్తుదారు మధ్యలో చనిపోతే భార్య గానీ వారసులు గానీ గడువు పూర్తి చేయవచ్చు. పట్టా రాకముందు చేసిన అప్పులకు ఈ భూమిని జప్తు చేయకూడదన్నది చట్టంలో మంచి మాట.

తుది రుజువు

అయిదేళ్లు నిండాక రెండేళ్లలోపు రుజువు చూపాలి. నివాసం, సాగు నిజమేనని ఇద్దరు నమ్మకమైన సాక్షులు ప్రమాణం చేయాలి. 1879 నుంచి ముందుగా స్థానిక పత్రికలో ప్రకటన కూడా వేయాల్సి వచ్చింది. అభ్యంతరం ఉన్నవారు ముందుకు రావడానికి అది.

మొదటి కాగితాల తొందర ఇక్కడే పనికొస్తుంది. తుది రుజువు నాటికి రైతు పూర్తి పౌరుడై ఉండాలి. పౌరసత్వానికీ అయిదేళ్ల నివాసమే షరతు, అందుకు కనీసం రెండేళ్ల ముందు ఆ ఉద్దేశ ప్రమాణం చేసి ఉండాలి. రెండు గడువులూ పక్కపక్కన నడిస్తే పని ఒకేసారి తెమిలిపోతుంది. అన్నీ సరిగా ఉంటే స్థానికంగా తుది ధ్రువపత్రం ఇస్తారు. తర్వాత వాషింగ్టన్‌లోని జనరల్ లాండ్ ఆఫీసు నుంచి అమెరికా అధ్యక్షుడి పేరుతో పట్టా వస్తుంది. ఆయన తరఫున సంతకం పెట్టేది ఒక కార్యదర్శి.

ఆ పట్టాల నకళ్లను ఇప్పుడు అమెరికా భూ నిర్వహణ విభాగం వెబ్‌సైట్‌లో పేరు, రాష్ట్రం ఇచ్చి ఉచితంగా వెతుక్కోవచ్చు. సాక్షుల వాంగ్మూలాలు, పౌరసత్వ కాగితాలు ఉన్న అసలు ఫైళ్లు నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. వాటి నకలు కోరేవారు ముందు పట్టాలో ఉన్న సెక్షన్, టౌన్‌షిప్ వివరాలు, భూమి కార్యాలయం పేరు, ధ్రువపత్రం నంబరు రాసుకుని అడగాలి.