తీర ప్రణాళికకు మార్కులు బాగున్నా ముంపు భూముల్లో కట్టడాలు ఆగకపోతే

సమస్య: స్థానిక సంస్థ రూపొందించిన తీర ప్రాంత ప్రణాళికను సూచికల పట్టికతో మదింపు చేయగా, సమాచార ఆధారం, లక్ష్యాలు, విధానాలు, అమలు ఏర్పాట్లు, ప్రజల భాగస్వామ్యం అన్నింటా మంచి మార్కులే వచ్చాయి. అయినా కొన్నేళ్లు గడిచేసరికి కొత్త కట్టడాలు కోతకూ ముంపుకూ గురయ్యే పల్లపు భూముల్లోనే లేస్తున్నాయి.

మొదట చూడవలసినవి: మార్కులు ఇద్దరు విడివిడిగా వేశారా? ఒకరు వేస్తే మరొకరు సంతకం పెట్టిన మదింపులు ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి. అటువంటి అంకెలపై చర్చ మొదలుపెట్టడమే వృథా. ఇద్దరి మధ్య పొందికను లెక్కకట్టినప్పుడు క్రిపెండార్ఫ్ ఆల్ఫా (ఇద్దరి మార్కులు ఎంతగా కలుస్తాయో చెప్పే కొలత, పూర్తిగా కలిస్తే 1) 0.80కి చేరితే నమ్మవచ్చు, 0.667 కన్నా తగ్గితే సూచికల నిర్వచనాలను సరిచేసి మళ్లీ మొదటినుంచి వేయాలి. ‘పరిశీలించవచ్చు’ అనే విధానానికీ ‘అనుమతించరాదు’ అనే విధానానికీ ఒకే మార్కు పడిందేమో కూడా చూడాలి.

అసలు కారణం: ఇవన్నీ సరిగ్గా ఉన్నా ఫలితం మారకపోతే, లోపం మదింపు చేసిన పత్రంలో కాక, మదింపుకే రాని పత్రాల్లో ఉంటుంది. మడ అడవిని ఆనుకుని ఉన్న పల్లాన్ని ఖాళీగా ఉంచాలని తీర ప్రణాళిక చెబుతుంది. అదే పల్లం మీదుగా రవాణా ప్రణాళిక రోడ్డును వెడల్పు చేస్తుంది, గృహనిర్మాణ ప్రణాళిక అక్కడే అదనపు అంతస్తులకు అనుమతిస్తుంది, మూలధన వ్యయ ప్రణాళిక తాగునీటి పైపులకూ మురుగు లైనుకూ నిధులు కేటాయిస్తుంది. పైపు వేశాక ఇళ్లు రాకుండా ఆపడం ఎంత కష్టమో అనుమతులిచ్చే ఉద్యోగులను అడిగితే తెలుస్తుంది. వేర్వేరు శాఖలు వేర్వేరు సంవత్సరాల్లో రాసిన ఈ పత్రాలను విడిగా చదివితే ఏ ఒక్కదానిలోనూ తప్పు కనిపించదు. పైగా రోడ్డు ప్రణాళికలో ముంపు ప్రస్తావనే ఉండదు కనుక, ఆ మాట కోసం వెతికే మదింపుదారుకు అది చిక్కదు.

పరిష్కారం: ముంపు, కోత పటాన్ని వాడల హద్దుల పటంపై పరిచి, ఊరిని చిన్న భాగాలుగా విడదీయాలి. అన్ని ప్రణాళికల నుంచీ స్థలంతో ముడిపడిన విధానాలను ఏరి, అవి వర్తించే ప్రతి భాగంలోనూ ప్రమాదాన్ని తగ్గించేదానికి +1, పెంచేదానికి −1, ప్రభావం చూపనిదానికి 0 వేసి కూడాలి. ఫిలిప్ బెర్క్, ఆయన సహ పరిశోధకులు 2015లో ప్రచురించిన పద్ధతి ఇటువంటిదే. ఊరి సగటు చూసి ఆగిపోకూడదు: సగటు ధనాత్మకంగా ఉంటూనే ఒడ్డున ఉన్న ఒక్క వాడ మాత్రం రుణాత్మకంగా తేలవచ్చు, కట్టడాలు లేచేదీ అక్కడే. ఆ వాడను కిందికి లాగిన విధానాన్ని పేజీ సంఖ్యతో సహా సంబంధిత శాఖ ముందు పెట్టి సవరింపజేయాలి; తీర ప్రణాళికలో మరో పేరా చేర్చితే ఒరిగేదేమీ లేదు.

అరుదైన కారణాలు: సముద్రమట్టం అంచనాలు పాతవి కావచ్చు, 1995–2014 సగటుతో పోల్చి 2100 నాటికి సముద్రమట్టం ఎంత పెరుగుతుందో ఐపీసీసీ (వాతావరణ మార్పులపై ఐక్యరాజ్యసమితి ఏర్పరచిన అంతర్ ప్రభుత్వ సంఘం) ఆరో నివేదిక ఇచ్చిన అంకెలు అతి తక్కువ ఉద్గారాలకు 0.28–0.55 మీటర్లు, అత్యధిక ఉద్గారాలకు 0.63–1.01 మీటర్లు. నేల ఎత్తులనూ నీటి మట్టాలనూ వేర్వేరు ప్రామాణిక తలాల (సున్నాగా తీసుకున్న మట్టాల) నుంచి కొలిచి ఉండవచ్చు. ఈ రెండూ పటం మూలన ముద్రించిన వివరాలు చదివితే తేలిపోతాయి.