మాటల పుట్టుపూర్వోత్తరాలు – నాలుగవ పాఠం: ‘బ్లైటీ’

ఒక మాటకున్న అర్థాలను కాలక్రమంలో పేర్చడం గత పాఠంలో నేర్చుకున్నాం. ఆ మాట ఏ భాషలో పుట్టి, ఎవరి నోట ప్రయాణించిందో కనుగొనే పద్ధతిని ఇప్పుడు బ్రిటిష్ సైనికుల పాత వాడుకమాట ‘బ్లైటీ’ ఆధారంగా అభ్యసిద్దాం.

మొదటి ప్రపంచయుద్ధంలో (1914–18) ఫ్రాన్స్, బెల్జియం కందకాలలో ఉన్న ఆ సైనికులకు బ్లైటీ అంటే స్వదేశం, అంటే బ్రిటన్. ప్రాణం తీయకుండా, మనిషిని ఓడ ఎక్కించి ఇంటికి పంపేటంత గాయాన్ని కూడా బ్లైటీ అనే అనేవారు. ఇల్లు చేర్చేది కనుకనే గాయానికి ఆ పేరు వచ్చింది. కాబట్టి మూలాన్ని ‘దేశం’ అనే అర్థం దగ్గరే వెతకాలి. పైరుకు పట్టే తెగులును ఇంగ్లీషులో ‘బ్లైట్’ అంటారు గాని, ధ్వని కలిసింది కదా అని ఆ దారి పట్టకూడదు.

ఆ సైన్యంలో ఎందరో అంతకుముందు మన దేశపు కంటోన్మెంట్లలో కొలువు చేసినవారే. అక్కడ వారు విన్న హిందుస్తానీలో ‘విలాయతీ’ అంటే పరదేశానిది, ముఖ్యంగా ఇంగ్లండుది. అరబ్బీలో పాలనాధికారాన్ని, పాలిత ప్రాంతాన్ని తెలిపే ‘విలాయత్’ పారశీకం మీదుగా ఇక్కడికి చేరి సముద్రాల అవతలి దేశమైంది. కొన్ని ప్రాంతాల ఉచ్చారణలో వకారం బకారమై ‘బిలాయతీ’ అయింది; ఊనిక లేని తొలి ఇకారం జారిపోతే మిగిలేది దాదాపు బ్లైటీయే. యూల్, బర్నెల్ కూర్చిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు (1886) ‘బిలాయత్’ను నమోదు చేసింది, సోడానీళ్లకు ‘బిలాయతీ పానీ’ అన్న పేరూ అందులో ఉంది.

ఈ అర్థపరిణామం నమ్మదగినదేనా అన్న సందేహానికి మన భాషలోనే సాక్ష్యం దొరుకుతుంది. ప్రాంతమని అర్థమున్న ‘సీమ’ మనకూ పరదేశమై, సీమసున్నం, సీమచింత వంటి పేర్లకు ముందు నిలిచింది. అమెరికా ఖండం నుంచి వచ్చిన ఆ సీమచింతనే మరాఠీవారు ‘విలాయతీ చించ్’ అంటారు. రెండు వేర్వేరు మాటలు ఒకే దారిలో నడిచాయన్నమాట.

అభ్యాసం: ఇంగ్లీషు వాడుకలో ఒకసారి చూడడాన్ని ‘దెక్కో’ అంటారు. దీని మూలమైన హిందుస్తానీ క్రియను, అది ఏ రూపంలో ఉందో గుర్తించండి. సైనికుల చెవిన ఆ రూపమే ఎందుకు ఎక్కువగా పడి ఉంటుందో రెండు వాక్యాలలో రాసి, తరువాతి పాఠానికి సిద్ధంగా ఉంచుకోండి.